ఇత్తడి గుండిగ ఒకటి, మూత ఒకటి

గవ్వలపేటకు సినిమా వాళ్ళు దిగిన రోజు ఎర్రయ్యమ్మకు బాగా గుర్తు. ఆ రోజు కూరాడ వారింటి పెళ్ళిలో నూట అరవై మందికి పనసపొట్టు కూర వండితే ఆవ ఒక పిసరు ఎక్కువైంది. అయినా పెళ్ళివారు కళ్ళు తుడుచుకుంటూ రెండోసారి వడ్డించుకున్నారు. ఆవిడకు ఏ సంగతైనా వంటతోనే గుర్తుంటుంది. మొగుడు పోయి ఎన్నేళ్ళయిందంటే వేళ్ళు మడుస్తుంది గానీ, పన్నెండో రోజున పెట్టిన గుమ్మడికాయ దప్పళంలో ఎన్ని బెల్లం ముక్కలు పడ్డాయో ఠకీమని చెప్తుంది. పెళ్ళి వంటలు ఆవిడ పని. యాభై దాటిన మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక ఇత్తడి గుండిగ. ఒక్క వాయిలో నూటయాభై మందికి అన్నం దించుతుంది.

ఆ గుండిగకు మూడు నెలలకోసారి కళాయి వేయించాలి. లోపల తగరం పూత అరిగిపోయిన ఇత్తడిలో పులుసు కాగిందా, ఆకుపచ్చ చిలుము దిగి తిన్నవాళ్ళ కడుపు తిప్పేస్తుంది. కళాయి వేసేది దాలయ్య. బుర్రకాలువ అవతల గుమ్మడివలసలో ఆయన పాక. పెళ్ళాం పోయి ఆరేళ్ళయింది. తిత్తి ఊదుకుంటూ, నవసాగరం పొగకు కళ్ళు చికిలించుకుంటూ ఆయన గుండిగ లోపల దూది తిప్పుతుంటే, ఎర్రయ్యమ్మ పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. మొదట్లో గంటలో తెమిలే పనికి రానురాను ఒక పూట పట్టసాగింది. ఆ తర్వాత మూడు నెలల కళాయి నెలకోసారి అయింది.

"ఇంత మంచి గుండిగకి ఇన్నిసార్లు కళాయేటప్పా?" అని పక్కింటి కటింగ్ షాపు తవిటయ్య అడగనే అడిగాడు.

"నా గుండిగ, నా ఇష్టం. నువ్వెల్లి కత్తికి సాన పెట్టుకో," అంది ఆవిడ.

చైత్రంలో దాలయ్య నోరు విప్పాడు. దీపావళి లోపల పెళ్ళని, అయ్యాక ఆవిడ గుమ్మడివలస వచ్చి పాక పక్కనే పూటకూళ్ళు పెట్టుకుంటుందని కుదిరింది. ఈ వయసులో పెళ్ళేమిటని అడిగినవాళ్ళకు ఎర్రయ్యమ్మ చెప్పిన జవాబు ఒక్కటే. ఊరందరి పెళ్ళిళ్ళకూ వండింది, ఒక్క పెళ్ళిలోనైనా కూర్చుని తినాలని ఉందట.

అదిగో, ఆ పెళ్ళికి అడ్డం పడింది సినిమా.

డైరెక్టరు గారు టౌన్‌హాల్లో మున్సిపల్ కమిషనర్ నిగమేశ్వరరావు గారికి కథ వినిపిస్తూంటే, ఉప్మా పట్టుకెళ్ళిన ఎర్రయ్యమ్మ తలుపు వారన నిలబడి మొత్తం విన్నది. ఒక నగరం. అక్కడ తెల్లవారదు, చీకటీ పడదు, ఎప్పుడూ మునిమాపే. జనం ఇంటికి పోయే ముందు తమ మొహాలు ఊడదీసి గడియార స్తంభం దగ్గర తీగల మీద ఆరేసుకుంటారు. మళ్ళీ పనికి వెళ్ళేటప్పుడు చేతికి ఏది తగిలితే అది పెట్టుకుపోతారు. ఒకడికి మాత్రం తన మొహమే తనకు కావాలి. వాడికి నగరం బయట ఒక పిల్ల మీద మనసు. కానీ ఏ దారి పట్టినా, ఎంత దూరం నడిచినా, ఆ దారి మెలిక తిరిగి గడియార స్తంభం దగ్గరికే తెస్తుంది.

"ఆరేసిన సీరలే తారుమారైపోతాయి, మొకాలు మారిపోవేటి?" అని ఎర్రయ్యమ్మ తనలో తనే అనుకుంది. ఆ పిల్ల సంగతి మాత్రం ఆవిడకు మనసులో గుచ్చుకుంది.

కమిషనర్ గారు ఉప్మా చల్లార్చుకుంటూ, "అస్తిత్వం! ఆకాంక్ష! విముక్తి! ఆహా! ఇంతకీ అతడు బయటపడతాడా?" అన్నారు.

"అదే ఇంకా తేలలేదు సార్. క్లైమాక్స్ ఆలోచిస్తున్నాను," అన్నాడు డైరెక్టరు.

నిగమేశ్వరరావు గారు ఏదైనా నచ్చితే సగంలో వదిలే మనిషి కాదు. అంతకు ముందు ఏడాది ఎవరో నవ్వితే గుండెకు మంచిదంటే, మున్సిపాలిటీ కుళాయి విప్పే ముందు వీధి మొత్తం మూడు నిమిషాలు నవ్వాలని రూలు పెట్టారు. నవ్వు సరిపోలేదని వెలమ వీధికి నాలుగు రోజులు నీళ్ళు కట్టేశారు కూడా. అలాంటి మనిషికి ఊళ్ళోనే సినిమా దొరికింది. రెండో రోజుకల్లా మైకు తిరిగింది.

"ఇందుమూలముగా యావన్మంది గవ్వలపేట పౌరులకు తెలియజేయునది ఏమనగా, నగరపాలక సంస్థ తీర్మానము మేరకు నేటి నుండి నగరమే చిత్రము, చిత్రమే నగరము. ప్రతి ఒక్కరు తమ తమ పాత్రను కొనసాగింపు విభాగమునందు విధిగా నమోదు చేయించుకొనవలెను."

తమ తమ పాత్ర అని చెవిన పడింది ఎర్రయ్యమ్మకు. ఆ మధ్య కలరా వచ్చినప్పుడు ఆరోగ్య శాఖ వాళ్ళు పెళ్ళి వంటల సామానుకు కళాయి ఉందో లేదో చూసి ముద్ర వేశారు. ఇదీ అలాంటిదే కాబోలని, గుండిగను చింతపండుతో తోమి తళతళలాడించి, రిక్షాలో వేయించుకుని వెళ్ళింది.

కొనసాగింపు, అంటే సినిమా వాళ్ళ కంటిన్యుటీ, చూసే అధికారి పరాంకుశం గారు. అంతకు ముందు ఇరవై తొమ్మిదేళ్ళు జనన మరణాల బల్ల దగ్గర పనిచేశారు. పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ రాయడమే తప్ప, మధ్యలో ఉన్నవాళ్ళను ఆయన తలెత్తి చూసింది లేదు.

"పేరు?"

"ఎర్రయ్యమ్మ, బాబూ."

"పాత్ర?"

"గుండిగ, బాబూ."

కలం ఒక్క క్షణం ఆగింది. కానీ డైరెక్టరు ఇచ్చిన జాబితా అలాంటిదే. ఆవిడ ముందు నిలబడ్డవాడు 'నీడ పారేసుకున్న పోస్ట్‌మాన్', వాడి ముందువాడు 'ఏడుస్తున్న తలుపు'. అందుకని కలం మళ్ళీ కదిలింది.

"పాత్ర స్వభావము?"

"గట్టిది బాబూ. ఇత్తడి. అడుగు కాస్త నల్లబడింది గాని చిల్లు నేదు."

"పాత్ర యొక్క ప్రాముఖ్యత?"

"అది నేకపోతే పెళ్ళే జరగదు."

"పాత్ర ఎంతమందిని ఆకట్టుకొనగలదు?"

"నూటయాబై మందిని. పప్పన్నమైతే ఇంకో పదిమందిని కూడా కానిచ్చీవొచ్చు."

"పాత్రకు సంభాషణలు గలవా?"

ఎర్రయ్యమ్మకు నవ్వొచ్చింది. "గుండిగ మాటలాడతాదేటి బాబూ? మూత తీస్తే సలసలమంటాది, అంతే!"

"సంభాషణలు లేవు. శబ్దము, సలసల," అని రాసుకుని, పరాంకుశం గారు ముద్ర వేసి కార్డు చేతికిచ్చారు. ఆవిడ దాన్ని గుండిగకు అతికించడానికి మైదా ఉడకబెడుతూంటే తవిటయ్య వచ్చి చదివాడు. అప్పుడు తెలిసింది, కార్డు గుండిగది కాదని, తనదని.

"పోన్లేప్పా, నాలుగు రోజుల ముచ్చటే కదా," అన్నాడు వాడు. వాడిది 'సగం గడ్డం మనిషి' పాత్ర. కెమెరా వాళ్ళు ఎడమ చెంప గీయించి, కుడి చెంప వదిలేశారు. సినిమాలో ఒకే ఒక్క మాట ఉంది వాడికి, 'ఈ దారి ఎక్కడికి పోతుంది?' అని.

నాలుగు రోజులు కాదు, పద్దెనిమిది రోజులు తీశారు. మెయిన్ రోడ్డు పొడుగునా నల్ల గుడ్డ కప్పి, పట్టపగలు పది గంటలకు మునిమాపు చేశారు. ఊరందరి మొహాలకూ రబ్బరు అచ్చులు తీసి తీగల మీద వేలాడదీశారు. పందొమ్మిదో రోజు డైరెక్టరు గారు, "క్లైమాక్స్ ఆలోచించుకుని వస్తాను," అని కారెక్కారు. ఆ కారు ఏ దారి పట్టిందో గానీ, గడియార స్తంభం దగ్గరికి మాత్రం తిరిగి రాలేదు. వెనకే మిగతావాళ్ళూ గుడ్డలు, రబ్బరు మొహాలు, రంగు డబ్బాలు ఎక్కడివక్కడ వదిలేసి పోయారు.

ఇంకొకరైతే గుడ్డలు పీకించేవారు. నిగమేశ్వరరావు గారు రెండో ఉత్తర్వు తీశారు. చిత్రము అసంపూర్తిగా ఉన్నందున, 'శుభం' పడు వరకు నగరములో కొనసాగింపు చెడరాదు. ఎవరు ఏ రూపమున చిత్రీకరింపబడిరో అదే రూపమున ఉండవలెను. కొత్త పాత్రలకు ప్రవేశము లేదు, ఉన్న పాత్రలకు నిష్క్రమణ లేదు. కథ ప్రకారం ఈ నగరం నుంచి ఎవరూ బయటపడలేరు కనుక, బోర్డుల మీద బాణాలన్నీ గడియార స్తంభం వైపు తిప్పించి, బుర్రకాలువ వంతెన మీద వెదురు గేటు పెట్టి గార్డును నిలబెట్టారు.

అక్కణ్ణుంచి ఊరు ఊరులా లేదు. తవిటయ్య సగం గడ్డం ఛాతీ దాకా పెరిగింది. గీస్తే కొనసాగింపు భంగం, దువ్వినా అంతే. కూరాడ వారి పెద్ద కోడలు సీమంతం సీనులో కూర్చున్నందుకు, పిల్లాడు పుట్టి ఊయల ఊగుతున్నా నడుముకు తలగడ కట్టుకునే తిరిగేది. పొద్దున్నే హాజరు తీగల దగ్గరే. రబ్బరు మొహం ఉంటే మనిషి ఉన్నట్టు, అది గాలికి రాలిపోతే మనిషి ఎదురుగా నిలబడి అరిచినా లేనట్టు. మొహం మీద మచ్చలు లేవని, పళ్ళు బాగున్నాయని కొందరు ఆ రబ్బరువే పెట్టుకుని తిరగడం మొదలెట్టారు. ఆఫీసుల్లో ఎవరికి ఏ డైలాగు ఉంటే అదే మాట్లాడాలి.

గుండిగకు డైలాగు లేదు, గుండిగకు మొహమేమిటని రబ్బరు అచ్చూ తియ్యలేదు. ఎర్రయ్యమ్మ రేషన్ షాపుకు వెళ్తే, పాత్రలకు బియ్యం దేనికని, తోముకోవడానికి అరకిలో చింతపండు, ఒక పొట్లం ఇటుకపొడి ఇచ్చారు. అడగబోతే నోటి మీద వేలు చూపించారు. పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళూ ఆగిపోయారు. గుండిగ గుండిగలో వండడం ఏ రూలు కిందికి వస్తుందో ఎవరికీ తెలియలేదు మరి.

ఆకలికి ఆవిడ ఓర్చుకుంది. పక్కింటి తవిటయ్య పెళ్ళాం గోడ మీంచి గంజీ అన్నమూ అందించేది. ఓర్చుకోలేనిది గురువారాలు. గురువారం గురువారం పది గంటలకు కాలువ అవతల నుంచి, "కళాయీ... పాత సామాన్లకి కళాయీ..." అని కేక. దాలయ్యను గేటు దాటనివ్వరు, ఆయన కొత్త పాత్ర. ఈవిడను దాటనివ్వరు, పాత పాత్ర. కాలువకు ఇటూ అటూ నిలబడి, మధ్యలో గార్డు వింటూండగా, ఇద్దరూ ఊరంతా వినపడేలా గుసగుసలాడుకునేవాళ్ళు.

"ఎర్రయ్యమ్మా! సిక్కిపోనావేటే?"

"సింతపండు తిని బతకతన్నానయ్యా! నువ్వు తింతన్నావా?"

"నానొండుకుంటే ఏటుంటాది! ఉప్పుంటే పులుసుండదు, పులుసుంటే ఉప్పుండదు!"

దసరా వెళ్ళిన గురువారం దాలయ్య కేక వెయ్యలేదు. ఊరికే వచ్చి నిలబడ్డాడు.

"మా అన్న రాయగడ రమ్మంతన్నాడు. దీపావళి దాటితే తిత్తి కట్టీసి ఎల్లిపోతాను. ఆ పాకలో ఒక్కణ్ణీ ఇంకో సలికాలం ఉండనేను. నువ్వొస్తావా, నన్నెల్లిపొమ్మంతావా?"

"ఒస్తాను! ఎలాగొస్తానో తెల్దు, ఒస్తానంతే!" అని అరిచింది ఎర్రయ్యమ్మ.

"గుండిగకి మాటల్నేవు. గోల సెయ్యకు," అన్నాడు గార్డు.

మర్నాడే ఆవిడ తప్పు దిద్దించుకోవడానికి బయల్దేరింది. తోడు తవిటయ్య. బల్ల దగ్గర నోరు తెరవగానే పరాంకుశం గారు కాగితం మీంచి కళ్ళెత్తకుండా, "ఈ పాత్రకు సంభాషణలు లేవు. తరఫున మరొకరు మాట్లాడవచ్చును," అన్నారు.

తవిటయ్య గొంతు సవరించుకున్నాడు. వాడికున్నది ఒక్కటే మాట. దాన్నే ఎంతో బతిమాలుతూ, చేతులు జోడించి అన్నాడు. "ఈ దారి ఎక్కడికి పోతుంది?"

"దిద్దుబాటు కొరకు పాత్రను సృష్టించిన రచయిత సంతకము కావలెను."

"ఈ దారి ఎక్కడికి పోతుంది?" ఈసారి కాస్త ఏడుపు కలిపాడు.

"రచయిత ఆచూకీ తెలియదు కనుక దరఖాస్తు కమిషనర్ గారి సముఖమునకు పోవును."

"ఈ దారి ఎక్కడికి పోతుంది!" అని తవిటయ్య బల్ల గుద్దాడు. ఆ గుద్దులో ఏమేం తిట్లున్నాయో ఎర్రయ్యమ్మకు తెలుసు, పరాంకుశం గారికీ తెలిసినట్టే ఉంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కానీ అది మంజూరైన డైలాగే, ఏమీ అనడానికి లేదు.

పాత్రలు తమంతట తాము మేడ మెట్లు ఎక్కరాదు. ఇద్దరు బంట్రోతులు ఎర్రయ్యమ్మను కుర్చీలో మోసుకెళ్ళి కమిషనర్ గారి ముందు దించారు. ఆయన కార్డు చదివారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"పరాంకుశం గారూ, గమనించారా? నగరం ఒక పాత్ర. ఆ పాత్రలో మనమందరం పాత్రలం. అందరిలో ఈ ఒక్క మహిళ మాత్రమే పాత్ర అంటే పాత్ర అని గ్రహించింది! లోపలంతా శూన్యం! ఎంతటి ప్రతీక!"

"శూన్యమేటి బాబూ, పొద్దుట్నించి తిన్నేదు," అంది ఎర్రయ్యమ్మ ఉండబట్టలేక.

"ఆ సలసల శబ్దం విన్నారా!" అని ఆయన పులకించిపోయారు.

డైరెక్టరు రాకపోతే ఏం, క్లైమాక్స్ తనే తీర్మానిస్తానన్నారు. గడియార స్తంభం కింద పాలరాతి దిమ్మె. దీపావళి అమావాస్య పగలు పదకొండింటికి గుండిగను దాని మీద శాశ్వతంగా ప్రతిష్ఠించడం. ప్రతి ఉదయం పూలదండ, జాతీయ పండుగలకు రెండు. అన్ని దారులూ అక్కడికే వస్తాయి కనుక ఊరందరూ చూడవచ్చు. చుట్టూ ఇనుప కంచె కూడా ఉంటుందట.

ఆ మధ్యాహ్నానికే తాపీ మేస్త్రీ వచ్చి, దిమ్మె కోసం ఎర్రయ్యమ్మ కూర్చున్న చోటు కొలతలు తీసుకుపోయాడు. ఆవిడకు మొట్టమొదటిసారి భయమేసింది. ఆవిడ చూడని కష్టం లేదు గానీ, తన చుట్టూ కంచె కడతారని ఎన్నడూ అనుకోలేదు. తవిటయ్య అరుగు మీద కూలబడింది. ఇక్కడ వాడికి డైలాగు గొడవ లేదు.

"ఏటి సేద్దారప్పా? కాలవలో దూకి ఈదుతావా?"

"ఈదితే గార్డు ఎనక్కి లాగీసి, ఈత సీను నేదంటాడు."

అప్పుడే ఎదురుగా ఒక బండి పోయింది. బండి మీద గడియార స్తంభం గడియారం. ముల్లు విరిగితే బాగుచేయించడానికి పట్నం పంపిస్తున్నారు. గడియారానికి చీటీ కట్టి ఉంది, 'సామగ్రి. మరమ్మతు నిమిత్తము'. అన్ని దారులూ గడియారం దగ్గరికే చేరే ఊళ్ళో, ఆ గడియారం మాత్రం దర్జాగా వంతెన వైపు పోతోంది.

ఎర్రయ్యమ్మ బండిని కనుమరుగయ్యేదాకా చూసింది.

"ఒరే తవిటీ," అంది మెల్లిగా, "ఇన్నాళ్ళూ నాను గుండిగను కానని ఏడిసేను. అదే నాను సేసిన తప్పు."

"అయితే?"

"గుండిగనే. ఇత్తడి గుండిగను. నాకు కళాయేసి ఎన్నాళ్ళయింది?"

తవిటయ్య సగం గడ్డంలోంచి మొత్తం మొహం విచ్చుకునేలా నవ్వాడు. లేచి వెళ్ళి, మేకప్ వాళ్ళు షాపులో వదిలేసిన ఆకుపచ్చ రంగు డబ్బా పట్టుకొచ్చాడు.

దీపావళి ఇంకో మూడు రోజులుందనగా పరాంకుశం గారు దిమ్మె తనిఖీకి వచ్చారు. ఎర్రయ్యమ్మను కొలత కోసం దాని పక్కనే కూర్చోబెట్టారు. ఆయన చూపు ఎప్పటిలాగే ఫైలు మీద ఉంది. కానీ రేషన్ చింతపండు ఒళ్ళంతా పులుముకున్న వాసన ఒకటి ముక్కుకు తగిలి, ఆయన తలెత్తారు. ఎర్రయ్యమ్మ మెడా, చెంపలూ, మోచేతులూ పచ్చగా ఉన్నాయి. అక్కడక్కడ పెచ్చులు లేచి ఉన్నాయి.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన ఒక మనిషిని అంతసేపు చూడటం అదే మొదలు. ఎర్రయ్యమ్మా కళ్ళు దించలేదు. దించితే అయిపోయిందని ఆవిడకు తెలుసు. ఆయన వేలితో ఆవిడ మోచేతిని తాకి చూసుకున్నారు. వేలికి రంగు అంటింది. పచ్చగా, తడిగా ఉంది. అది చిలుము కాదని పసిపిల్లకైనా తెలుస్తుంది.

పరాంకుశం గారు ఆ వేలును జేబురుమాలుతో తుడుచుకుని, కలం మూత తీశారు.

"పాత్రకు చిలుము పట్టినది," అని పైకి చదువుకుంటూ రాశారు. "ఆరోగ్య నిబంధనల ప్రకారము కళాయి లేని ఇత్తడి పాత్రను బహిరంగ ప్రదేశమున ఉంచరాదు. నగర పరిధిలో కళాయి వేయువారు లేనందున, సదరు పాత్రను పరిధి వెలుపలికి పంపుట తప్పనిసరి. కళాయి వేయువాని పేరు?"

"దా..." అనబోయి నోరు నొక్కుకుంది ఎర్రయ్యమ్మ.

"గుమ్మడివలస దాలయ్య," అని ఆయనే రాసుకున్నారు. గురువారం గుసగుసలు మున్సిపల్ ఆఫీసు దాకా వినపడేవి మరి.

కమిషనర్ గారు ఒక్కటే అడిగారు, దీపావళి నాటికి తిరిగి వస్తుందా అని. "కళాయి ఆరిన వెంటనే," అన్నారు పరాంకుశం గారు. సంతకం అయింది. కానీ మూత లేని పాత్రను తరలించరాదని ఇంకో రూలు ఉంది. అందుకని తవిటయ్య ఇంట్లోంచి పెద్ద ఇత్తడి పళ్ళెం తెచ్చి ఆవిడ నెత్తిన బోర్లించారు. రిక్షాలో గడ్డి పరిచి, దొర్లిపోకుండా నడుముకు తాడు కట్టారు. ఒక పక్క అసలు గుండిగను కూడా పెట్టబోతే, చీటీలో ఒకటే రాసి ఉందని దింపేశారు. ఎర్రయ్యమ్మకు ప్రాణం ఉసూరుమంది. అయినా పళ్ళెం కింద నోరు మూసుకుంది. మునిమాపు గుడ్డల కింద రిక్షా సాగిపోతుంటే, తలగడ కట్టుకున్న కోడలు, నీడ లేని పోస్ట్‌మాన్, ఏడుస్తున్న తలుపు అందరూ అరుగుల మీదికి వచ్చి నిలబడ్డారు. వాళ్ళ డైలాగుల్లో వెళ్ళొస్తావా అన్నది ఎవరికీ లేదు.

వంతెన మీద గార్డు చీటీ లాక్కుని చదివాడు. "ఇత్తడి గుండిగ ఒకటి, మూత ఒకటి..." ఆ తర్వాత వంగి పళ్ళెం కిందికి చూశాడు.

"ఇదేటి సారూ! ఈయమ్మ గురారం గురారం కాలవ మీద కేకలేసే ఎర్రయ్యమ్మ కాదేటి?"

"నీ ఎరుక ప్రమాణమా, కాగితము ప్రమాణమా?" అన్నారు వెనకాలే సైకిలు మీద వచ్చిన పరాంకుశం గారు.

"కాయితమే అనుకోండి. గానీ నాను సూడాల కదా! ఇత్తడో కాదో సూడకుండా ఒగ్గీసినానని రేపు నన్నే తగులుకుంటారు."

అని కర్ర ఎత్తాడు. కాలువ అవతల, కబురందుకుని వచ్చిన దాలయ్య రెండడుగులు ముందుకేశాడు. గార్డు ఎర్రయ్యమ్మ భుజం మీద కర్రతో ఒక్క పోటు పొడిచాడు.

"ఠంగ్!" అంది ఎర్రయ్యమ్మ.

గార్డు ఆగాడు. చెవి దగ్గరగా పెట్టి ఇంకోటి పొడిచాడు. దెబ్బకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, ఈసారి ఆవిడ ఆ ఠంగును సాగదీసి, గుడిలో గంట మోగి ఆగేటప్పుడు ఎలా సన్నగిల్లుతుందో అలా మెల్లమెల్లగా ఆపింది.

"ఇత్తడే," అన్నాడు గార్డు. గేటు లేపాడు.

కాలువ అవతల దాలయ్య రసీదు మీద వేలిముద్ర వేశాడు. 'గుండిగ ఒకటి, మూత ఒకటి, మంచి స్థితిలో అందినవి'. రిక్షా వెనక్కి తిరిగాక, ఆయన పళ్ళెం ఎత్తి చూశాడు. పచ్చ మొహంలోంచి ఎర్రయ్యమ్మ పళ్ళన్నీ బయటపెట్టింది.

"ముందు తాడిప్పయ్యా. ఆనక ఉప్పు డబ్బా ఎక్కడుందో సూపించు," అంది.

మర్నాడు కొండ మీద అమ్మవారి దగ్గర దండలు మార్చుకున్నారు. పదకొండు మంది వచ్చారు. వంట ఎవరో చేశారు, అన్నం చిమిడిపోయింది, పులుసులో నీళ్ళు ఎక్కువయ్యాయి. ఎర్రయ్యమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్క వంక పెట్టకుండా మూడుసార్లు వడ్డించుకుంది.

దీపావళికి పాలరాతి దిమ్మె ఖాళీగా ఉంది. మొదటి లేఖ వచ్చింది. 'కళాయి వేయబడిన పాత్రను తక్షణమే తిరిగి పంపగలరు'. దాలయ్య చదవలేడు, ఎర్రయ్యమ్మా చదవలేదు. అందుకని ఆ కాగితంలో అల్లం పొట్లం కట్టుకున్నారు. రెండోదీ అంతే. ఈలోగా గవ్వలపేట కొనసాగింపు విభాగానికి దరఖాస్తులు వెల్లువెత్తాయట. కోడలు తన పాత్ర తలగడ అనీ, దూదేకించాలనీ రాసింది. తవిటయ్య తనది తుప్పు పట్టిన కత్తెర అన్నాడు. పోస్ట్‌మాన్ సంచీ అన్నాడు, కుట్లు ఊడిపోయాయన్నాడు. వారం తిరిగేసరికి వంతెన మీద మరమ్మతు సామానే తప్ప మనిషి కనపడలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం, పూటకూళ్ళ బల్ల దగ్గర జనం పల్చబడ్డాక, పరాంకుశం గారు సైకిలు దిగారు. మూడో లేఖ ఆయనే తెచ్చారు. నిలబడే, అక్షరం పోకుండా, గొంతెత్తి చదివారు. పాత్ర తిరిగి రానందున క్లైమాక్స్ నిలిచిపోయినది. జాప్యమునకు కారణము లిఖితపూర్వకముగా తెలుపవలెను. పాత్ర ఎప్పటికి ఖాళీ అగునో తెలుపవలెను.

దాలయ్య పెళ్ళాం వంక చూశాడు. ఎర్రయ్యమ్మ పొయ్యి మీద కూర కలుపుతూ, "నాను సెప్తాను, రాసుకోండి బాబూ," అంది. "పాత్ర అందింది. కళాయి బాగా పట్టింది. ఇప్పుడు వాడకంలో ఉంది. కాళీ నేదు."

పరాంకుశం గారు రాసుకున్నారు. సంతకం చోట ఆవిడ వేలిముద్ర తీసుకున్నారు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. పని అయిపోయింది. అయినా ఆయన సైకిలు వైపు కదల్లేదు. కాసేపు అటూ ఇటూ చూసి, సంచిలోంచి ఇంకో చీటీ తీసి, ఎవరూ అడగకుండానే బల్ల మీద పెట్టారు.

అప్పుడే భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటున్న మాస్టారొకాయన దాన్ని పైకి చదివాడు. 'సిరాబుడ్డి ఒకటి. లోపల ఎండిపోయినది. మూత లేదు. మరమ్మతు నిమిత్తము'. కింద సంతకం పరాంకుశం గారిదే.

ఎర్రయ్యమ్మ చీటీని చూడలేదు, ఆయన్ని చూసింది. విస్తరి పరిచి, నీళ్ళు చిలకరించి, "మూత నేకపోతే ఏటి బాబూ, ముందు కూకోండి," అంది.